ఊపిరిని చేరిన చలిజ్వరము

మన్యమను మాట చెవిని పడినంతనే మైదానపు తెలుగువానికి ఒకప్పుడు మొట్టమొదట స్ఫురించునది జ్వరము. కొండలును అడవులును ఆ పిమ్మటనే తలపునకు వచ్చెడివి. నర్సీపట్నము దాటి లంబసింగి కనుమ నెక్కి చింతపల్లికి గాని, రాజమహేంద్రవరమునుండి ఉత్తరముగా రంపసీమకు గాని సర్కారు కొలువుపై పోవలసివచ్చిన గుమాస్తాను సాగనంపునపుడు ఇంటివారు కన్నీరు పెట్టుకొనెడివారు. ఆ జ్వరమునకు హేతువేమని అడిగినచో కొందరు అచ్చటి నీళ్ళు పడవనెడివారు. కొందరు అచ్చటి గాలి సోకినదనెడివారు. గాలియనువారు, తమకు తెలియకయే, ఇటలీదేశపు రైతు మాటనే తెలుగున పలుకుచుండిరి. రోమునగర పరిసరములందలి పల్లపు నేలలలో బురదమడుగులనుండి సందెవేళ లేచు ఆవిరి ముక్కుపుటములద్వారా దేహమున ప్రవేశించి చలిజ్వరమును పుట్టించునని తరతరములుగా నమ్మిన జనులు దానికి ‘మల ఆరియా’, అనగా చెడుగాలి, అని పేరిడిరి. ఆ రెండు మాటలును కలిసియే మలేరియా ఐనవి.

గాలిపై మోపబడిన ఈ నేరము మన గడ్డపైననే, సికింద్రాబాదున, 1897వ సంవత్సరమున కొట్టివేయబడుటకు ఆరంభమైనది. జ్వరము ఊపిరితో లోనికి రాదనియు, దోమకాటుతో నెత్తురున చేరుననియు ఆ పరిశోధనవలన క్రమముగా తేలినది. ఐనను ఆ జ్వరము ఘోరరూపమును దాల్చినపుడు రోగి ప్రాణమును హరించు దారులలో ఊపిరియు నొకటి యని, అది ఏవిధముగ జరుగునో రోగలక్షణములను శవపరీక్షలను జోడించి వైద్యులు వివరముగా వ్రాసిపెట్టుటకు మరి 70 ఏండ్లు పట్టినది. ఊపిరివెంట రాని వ్యాధి ఊపిరినే మూయుట ఎట్లు? ఆ సంగతి తెలిసివచ్చిన చరిత్రను, మన మన్యమునుండి మొదలిడి, కొంత చెప్పవలెనని నా కోరిక.

మన ప్రాచీన వైద్యులు ఈ జ్వరము నెరుగనివారు కారు. విడిచి విడిచి వచ్చు జ్వరములకు విషమజ్వరములని పేరుపెట్టి, వానిని సంతత, సతత, అన్యేద్యుష్క, తృతీయక, చాతుర్థకములని అయిదు తెగలుగా విభజించి, మూడవనాడు వచ్చునదేదో నాలుగవనాడు వచ్చునదేదో వారు నిర్ణయించియుండిరి. జ్వరము పలుమారులు తగిలి ప్లీహము పెరిగిన బిడ్డను చూచి కడుపులో బల్ల పెరిగినదని మన పల్లెటూరి ముసలమ్మ చెప్పగలిగెడిది. ఇక మూడు దోషములును ఒక్కుమ్మడి ప్రకోపించిన సన్నిపాతజ్వరమున శ్వాసయు కాసయు ప్రలాపమును లక్షణములని శాస్త్రము చెప్పుచున్నది. ఇంటి భాషలో దానినే ‘సంధి కమ్మినది’, ‘ఎగఊపిరి పట్టినది’ అనెడివారు. ఎగఊపిరి పట్టెనని తెలిసిన పిమ్మట వైద్యునికై గాక దూరపు చుట్టములకై మనిషిని పంపుట పల్లెలలో వాడుక. సన్నిపాతమను ఆ ఒక్క పేరుక్రింద టైఫాయిడు, న్యుమోనియా మొదలగు పలు వ్యాధులు కలిసిపోయియున్నవి గావున, దానిని నేటి మలేరియాతో సరిపెట్టుట నాకు సమ్మతము గాదు. కాని జ్వరము ముదిరి ఊపిరిని పట్టుననెడి పరిశీలన మాత్రము మనవారిలో ఎంతయో పాతది. దానిని మూఢత్వమని త్రోసివేయుటకు వీలులేదు.

మన్యపు జ్వరము ఎంతటి బలిమిగలదో సర్కారువారికి కూడ యుద్ధములవలననే బాగుగా బోధపడినది. చిగురుపన్ను అను కల్లుపన్నుపైనను మన్సబుదారుని దౌష్ట్యముపైనను తిరుగబడి 1879 మార్చిలో రంపసీమ కొండజనులు లేచినపుడు, వారిని అణచుటకు వచ్చిన పోలీసులును సేనలును తుపాకి గుండ్లకంటె జ్వరమునకే ఎక్కువగా లొంగిపోయిరి. గూడెము ప్రాంతమున కనుమబాటలు వేయించుటకై కొండవారిచే చేయించిన వెట్టిచాకిరి కారణముగా మరల అసంతృప్తి రగుల్కొని, 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున ఫితూరీ లేచినప్పుడును ఈ కథయే పునరావృత్తమైనది. మైదానపు పోలీసులకు తోడు మలబారునుండి ప్రత్యేక పోలీసు దళమును, తుదకు 1924లో అస్సామునుండి రైఫిల్ దళమును రప్పింపవలసివచ్చెను. కొండవారికి ఆ అడవియే కోటగోడ. కోటకు కనబడని కాపరి జ్వరము. అయితే ఆ కాపరి కొండవారిపై దయ చూపినదనుకొనుట పొరపాటు. పుట్టినది మొదలు మరల మరల జ్వరపడి, బ్రతికి బట్టకట్టినవారికి మాత్రమే కొంత ఓర్పు అలవడెడిది. అలవడక ముందే పోయిన పసిబిడ్డల లెక్క ఏ ఫితూరీ చరిత్రలోను కానరాదు.

లెక్క అన్నమాట వచ్చినది గావున ఇచట ఒక చిన్న విషయమును చెప్పెదను. చెన్నరాజధానిలో గ్రామమున్సబు వ్రాయు మరణముల పట్టీలో చావునకు కారణములు కొద్ది గళ్ళలోనే ఇమిడిపోయెడివి: విషూచి, మశూచి, ప్లేగు, అతిసారము, జ్వరములు, శ్వాసకోశవ్యాధులు, గాయములు, ఇతరములు. ఊరిలో వైద్యుడు లేడు. మున్సబు వైద్యము నేర్చినవాడు కాడు. చచ్చినవానికి ఒళ్ళు కాలినదా యని అడిగి, కాలినదనిన జ్వరముల గడిలో ఒక గీత గీసెడివాడు. మూడునాళ్ళు చలితో వణకి, నాలుగవనాడు జ్వరము తగ్గుముఖము పట్టి, అయిదవనాడు డొక్కలెగురవేయుచు నోటివెంట నురుగు క్రక్కి పోయినవాడును ఆ గడిలోనివాడే. మన దేశమున చావులలో అధికభాగము జ్వరములేనని నాటి సర్కారు నివేదికలు వ్రాయుటకు ఆధారము ఇట్టి గీతలు. ఆ గీతలలో ఎన్ని ఊపిరాడక పోయిన ప్రాణములో విడదీసి చెప్పగల సాధనము ఆ పట్టీలో లేదు. ఒక పదము లేకపోయినచో ఒక వ్యాధి కంటికి కానరాదు. వైద్యచరిత్రలో నన్ను మిక్కిలి బాధించిన విషయ మిది.

ఇక శాస్త్రజ్ఞుల కథ. మలేరియాతో మరణించినవారి ప్లీహమును మెదడును కోసిచూచినపుడు అవి పలకవలె నల్లబారి యుండుట పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులకు తెలియును. ఆ నలుపు ఎక్కడిదని వెదకుచు, అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ సైనిక వైద్యాలయమున పనిచేయు ఫ్రెంచి వైద్యుడు అల్ఫోన్స్ లావెరాన్, 1880 నవంబరు 6వ తేదీన ఒక సిపాయి నెత్తుటిచుక్కలో నల్లరేణువులతో కూడిన జీవియొకటి తోకలవంటి పోగులను జాడించుచు కదలుట చూచెను. చెడుగాలి కాదు, ఒక జీవి. అటుపిమ్మట అయిదారేండ్లకు ఇటలీలో కమిల్లో గాల్జీ, ఎఱ్ఱకణములలో పెరిగిన ఆ జీవులన్నియు ఒక్కమారుగ కణములను బ్రద్దలుచేసికొని వెలువడు వేళకును రోగికి చలి పుట్టు వేళకును సరిపోవుచున్నదని నిరూపించెను. తృతీయక చాతుర్థకములని మనవారు లెక్కపెట్టిన నాళ్ళకు అర్థము ఆనాడు దొరికినది. కాని ఆ జీవి ఒకని నెత్తురునుండి మరియొకని నెత్తురునకు పోవు దారి మాత్రము తెలియలేదు.

ఆ దారిని కనుగొనినవాడు రొనాల్డ్ రాస్. 1857లో అల్మోరాలో పుట్టి, సైన్యాధికారియైన తండ్రి బలవంతమున వైద్యము చదివి, 1881లో భారత వైద్యసేవలో చేరినవాడు. 1894లో సెలవుపై లండనునకు పోయినపుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు అతనికి మలేరియా జీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దోమలపై కన్ను వేయుమని చెప్పెను. మరుసటి ఏడు సికింద్రాబాదులోని మద్రాసు పటాలమునకు వైద్యుడై వచ్చిన రాస్, దొరికిన దోమనెల్ల రోగులచే కుట్టించి, కోసి, పొర పొరయు పరిశీలింపసాగెను. అవి తగని జాతి దోమలని అతనికి తెలియదు. నడుమ బెంగుళూరులో విషూచి పనిపై ఉండవలసివచ్చెను. నీలగిరులకు పోయి అచటి సీగూరు కనుమలో తానే చలిజ్వరమున పడెను. 1897 జూనున మరల సికింద్రాబాదు చేరి, బేగంపేటలోని చిన్న ఆసుపత్రిలో పనికి కూర్చుండెను. వాన రాని ఉక్కపోత. పంకా లాగించినచో కోసిన దోమ రెక్కలు ఎగిరిపోవును. కావున పంకా లేదు. నొసటినుండియు చేతులనుండియు కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క కంటిఅద్దము బీటవారినది. దినమునకు ఎన్నో గంటలు ఆ బీటలోనుండియే చూచుచుండెడివాడు.

ఆగస్టు నడుమ అతని సేవకులు తెచ్చిన దోమపురుగులనుండి కొన్ని చుక్కల రెక్కల దోమలు వెలువడినవి. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను రోగిని దోమతెరలో పరుండబెట్టి, ఆ దోమలను విడిచి కుట్టించిరి. దోమకొక అణా చొప్పున పది దోమలకు పది అణాలు హుసేన్ ఖానునకు ముట్టినవి. కొన్ని దోమలు చచ్చినవి, కొన్నింటిని ముందే కోసిరి. 20వ తేదీన మిగిలినవానిలో ఒకదానిని కోసి, జీర్ణకోశపు గోడను చూచుచుండగా, ఎన్నడును కానని గుండ్రని కణములు కనబడినవి. వాని లోపల, లావెరాన్ మనుష్యుని నెత్తుట చూచిన ఆ నల్లరేణువులే ఉన్నవి. మరునాడు మిగిలిన దోమలో అవే కణములు మరింత పెద్దవై కనబడినవి, అనగా పెరుగుచున్నవి. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ వార్తను ప్రకటించినది. అంతలోనే అతనిని రాజపుతానాకు బదిలీ చేసిరి. మరుసటి ఏడు కలకత్తాలో పిచ్చుకల మలేరియాపై పనిచేసి, జీవి దోమ లాలాజలగ్రంథిని చేరి కాటుతో బయటపడుటను రాస్ చూపగా, మనుష్యుని మలేరియాకు అనాఫిలిస్ దోమయే వాహకమని ఇటలీలో గ్రాస్సీ మొదలగువారు నిరూపించిరి. 1902లో రాసునకు నోబెల్ బహుమానము లభించినది. బేగంపేట పాత విమానాశ్రయమునకు చేరువనున్న ఆ భవనము ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి అధీనమున రాస్ పేరనే నిలిచియున్నది. హుసేన్ ఖాన్ పేరును కూడ ఆ గోడలమీద పెద్దయక్షరములతో చెక్కించవలెనని నా చిరకాలవాంఛ. ఆ పది కాట్లకు ఓర్చినవాడు అతడే గదా.

గాలి నిరపరాధియని తేలినతోడనే వైద్యలోకపు దృష్టియంతయు దోమమీదికి మరలినది. మడుగులు పూడ్చుట, కిరసనాయిలు చల్లుట, దోమతెర కట్టుట, టపాకచేరీలలో పైసా పొట్లములుగా క్వినైను, మన పెద్దలు కొయినా అనెడి ఆ చేదుగుండ, అమ్ముట. విజయనగరమునుండి రాయపూరునకు కొండలను చీల్చుకొని పోవు రైలుదారిపై కూలీలును స్టేషనుమాస్టరులును జ్వరములతో కూలుచుండుట చూచి, బెంగాల్ నాగపూర్ రైల్వేవారి మలేరియా శాస్త్రజ్ఞుడు సీనియర్ వైట్ 1930 తరువాతి సంవత్సరములలో జయపురపు కొండలన్నియు గాలించి, అచటి దోమలు ఏ నీటిలో పుట్టి ఏ వేళ కుట్టునో తేల్చెను. కొండవాగుల అంచులలో మెల్లగా పారు తేటనీట పెరుగు ఫ్లూవియాటిలిస్ జాతి దోమ మన్యపు జ్వరమునకు ప్రధానవాహకమని నేడు మనకు తెలిసియున్నది. ‘నీళ్ళు పడవు’ అన్న పెద్దల మాటయు, చూడబోయిన, పూర్తిగా అబద్ధము కాలేదు. ఈ పని అంతయు గొప్పది. లక్షలాది ప్రాణములను కాపాడినది. కాని దోమను తరుముటలో మునిగినవారికి, దోమ కుట్టి పండ్రెండు దినములైన పిమ్మట మంచమున పడినవాని ఊపిరి ఎందుకు ఆగుచున్నదనెడి ప్రశ్న కొంతకాలము వెనుకబడినదని నేను తలచుచున్నాను.

ఆ ప్రశ్నకు బీజములు ఇటలీలోనే పడినవి. రోము వైద్యులు మార్కియాఫావా, బిన్యామి అనువారు వేసవి తుదిని వచ్చు మారకజ్వరమున చనిపోయినవారి మెదడును సూక్ష్మదర్శినితో చూచి, అందలి సన్నని రక్తనాళములు జీవులతో నిండిన ఎఱ్ఱకణములచే క్రిక్కిరిసియుండుట గమనించిరి. వేలికొనను గుచ్చి తీసిన నెత్తుట జీవులు కొద్దిగానే కనబడును. అవయవముల లోతులలో అవి గుంపులుగా నిలిచియుండును. దీనినిబట్టి మారక మలేరియాలో పైకి కనబడు నెత్తురు అబద్ధమాడునని వారికి తెలిసినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యమున ఆ మారకజ్వరముతో, అనగా ఫాల్సిపారం జాతి మలేరియాతో, చనిపోయిన 50 మంది అవయవములను పరీక్షించి 1946లో సోఫీ స్పిట్జ్ ప్రకటించిన వ్యాసమున ఊపిరితిత్తుల ప్రసక్తియు వచ్చినది. అయినను రోగియొద్ద కూర్చున్న వైద్యునికి అది ఇంకను ఒక ప్రత్యేకవ్యాధిగా తోచలేదు.

తోచుటకు రెండు సంగతులు ఒకే కాలమున కలియవలసివచ్చినవి. వియత్నాము అడవులలో క్లోరోక్విను మందునకు లొంగని మలేరియా అమెరికా సైనికులను పట్టుకొనినది; వారిలో కొందరు చికిత్స నడుచుచుండగానే హఠాత్తుగా ఆయాసపడి, పెదవులు నీలవర్ణమై, ఊపిరితిత్తులు నీటితో నిండి చనిపోవుచుండుటను బ్రూక్స్ మొదలగు సైనిక వైద్యులు 1968లో సవివరముగా ప్రకటించిరి. అంతకు ముందటి సంవత్సరమే, 1967లో, డెన్వరు నగరమున ఆష్‌బా, పెటీ ప్రభృతులు 12 మంది రోగుల కథను లాన్సెట్ పత్రికలో వ్రాసియుండిరి. ఆ పండ్రెండుగురి మూలవ్యాధులు వేరువేరు. కొందరికి గాయములు, కొందరికి అంటురోగము, ఒకరికి క్లోమపు వాపు. అయినను వారందరి ఊపిరియు ఒకే తీరున చెడినది: వేగమైన శ్వాస, ఆమ్లజని ఎంత ఇచ్చినను తీరని నీలిమ, బిరుసెక్కిన ఊపిరితిత్తి, ఎక్సురేలో ఇరువైపుల కమ్మిన తెలుపు. ఆ అవస్థకు ఒక పేరు ఏర్పడినది, ఎ.ఆర్.డి.ఎస్. అని నేడు మన ఆసుపత్రులలో అందరును అనునది అదియే. గ్రామమున్సబు పట్టీలో లేకపోయిన గడి ఇదియే యని నాకు తోచును.

ఇపుడు ఊపిరితిత్తిలో జరుగునదేమో చూతము. ఊపిరితిత్తి యనగా సుమారు 30 కోట్ల చిన్న గాలిగదుల పుట్ట; వానినన్నింటిని విప్పి పరచినచో 70 చదరపు మీటర్ల నేలను కప్పును. గదిలోని గాలికిని గదిని చుట్టుకొనిన నాళములోని నెత్తురునకును నడుమనుండు గోడ మిల్లిమీటరులో వెయ్యవపాలునకు మించదు. ఆ నాళములు ఎంత ఇరుకనగా, ఎఱ్ఱకణము తన్ను తాను మడచుకొని, ఒకదానివెనుక ఒకటిగా బారులుతీరి దాటవలయును. ఫాల్సిపారం జీవి చేరిన ఎఱ్ఱకణము బిరుసెక్కును. దాని పైపొరపై గుబ్బలు లేచును. ఆ గుబ్బలపై ఆ జీవి తాను తయారుచేసిన మాంసకృత్తు నొకదానిని అంకుశమువలె నిలుపును. నాళపు లోపొరమీద దానికి తగిన కొక్కెములు ఉన్నవి. కణము పోవుచు పోవుచు అచట తగుల్కొనును. ప్లీహమునకు పోయినచో ప్రాణము దక్కదు గావున ఆ జీవికి ఇది ఆత్మరక్షణోపాయము. రోగికి మాత్రము ప్రాణసంకటము.

తగుల్కొనిన కణములచే నాళము కొంత మూసికొనుట ఒక్కటే యైనచో కీడు అంత ఘోరము కాకపోయెడిది. తమ గోడపై పరాయిజీవి అతుకుకొనినదని గ్రహించిన తెల్లకణములు అచటికి గుమిగూడి, శత్రునాశనమునకై విషద్రవ్యములను వెదజల్లును. బ్రద్దలైన ఎఱ్ఱకణములనుండి వెలువడిన హీమ్ అను ద్రవ్యము, లావెరానునకు రాసునకు దారిచూపిన ఆ నల్లరేణువులు, ఇవియు ఆ మంటకు నెయ్యి పోయును. గోడను కప్పియుండు పలుచని జిగురుపొర రాలిపోవును. గోడరాళ్ళవంటి కణముల నడుమ సందులు విచ్చును. అంతట నెత్తుటిలోని నీరును, నీటితోపాటు మాంసకృత్తులును గాలిగదులలోనికి ఊరును. గుండె నీరసించి నెత్తురు వెనుకకు ఒత్తిగిలుటవలనను ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును; కాని అది వేరు. చెరువు నిండి కట్టపైనుండి పొర్లుట ఒక విధము. చెరువు మట్టము ఎప్పటివలె ఉండగానే కట్టలో ఊటపడుట మరియొక విధము. మలేరియా రోగి గుండె చాల తరుచుగ బలముగానే యుండును, ఊటపడినది కట్టకు. ఊరిన మాంసకృత్తులు గాలిగదుల గోడలపై గాజుపొరవలె పేరుకొనును. గదులు ముడుచుకొనకుండ కాపాడు సహజమైన జిగట కరిగిపోవును. ఊపిరి పీల్చుట తడిసిన గోనెపట్టను ఊదినట్లగును.

చెప్పవలసిన మరియొక విషయము వైద్యులను సహితము పలుమారులు మోసగించినది. ఈ ఆపద జ్వరము తీవ్రముగా ఉన్నపుడే రావలెనని లేదు. మందు పడి, నెత్తుటిలోని జీవులు క్షీణించి, జ్వరము జారి, ఇంటివారు కొంత కుదుటపడిన రెండవనాడో మూడవనాడో రావచ్చును. జీవి చచ్చినను అది రేపిన మంట చల్లారదు గదా. తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా తగిలిన పెద్దలలో నూటికి 5 మొదలు 25 మంది వరకు ఈ గండమునకు గురియగుదురని పరిశోధకులు చెప్పుదురు. గర్భిణులకును బాలింతలకును ఇది మరింత చేరువ. సాధువని పేరుపడిన వైవాక్సు జాతి మలేరియాలోను చికిత్స పిమ్మట ఊపిరితిత్తుల గాలిమార్పిడి తగ్గుచున్నదని ఇండొనీషియాలోని పాపువా ప్రాంతమున 2007లో ప్రకటితమైన పరిశోధనవలన తెలిసినది. పసిబిడ్డల మాట వేరు. వారి ఎగఊపిరికి తరుచుగ మూలము నెత్తుట పెరిగిన ఆమ్లము. దానిని విసర్జించుటకై దేహము లోతుగ శ్వాసించును. కెన్యాలోని కిలిఫీ ఆసుపత్రిలో 1,844 మంది బిడ్డలను పరిశీలించి 1995లో ప్రకటించిన వ్యాసమున, తెలివితప్పుటయు ఊపిరి కష్టమగుటయు మరణమును ముందుగా తెలుపు లక్షణములని తేలినది. ‘సంధి కమ్మినది, ఎగఊపిరి పట్టినది’ అను మన ముసలమ్మల రెండు మాటలును నాకు ఆ వ్యాసము చదివినపుడు జ్ఞప్తికి వచ్చినవి.

ఇట్టి ఊట మలేరియా సొత్తు మాత్రమే కాదు. నెత్తుట చీము చేరినను, న్యుమోనియా ముదిరినను, స్క్రబ్ టైఫసు తగిలినను, 1918లో మన దేశమున లక్షలాది చితులు పేర్పించిన ఇన్‌ఫ్లుయెంజాలోను, నిన్నమొన్నటి కోవిడులోను కట్టకు పడిన గండి ఇదియే. శత్రువులు వేరువేరు, కూలు గోడ ఒక్కటి.

చికిత్సయందును ఈ జ్ఞానము మార్పు తెచ్చినది. జ్వరముతో ఎండిన రోగికి సీసాలకొలది సెలైను ఎక్కించుట దయయని ఒకప్పుడు ఎల్లరును భావించిరి. ఊటపడిన కట్టకు చెరువును మరింత నింపుటవంటిది అది. ఆఫ్రికాలో జ్వరముతో నీరసించిన 3,141 మంది బిడ్డలపై జరిపి 2011లో ప్రకటించిన పరీక్షయందు, త్వరగా ద్రవము ఎక్కించినవారిలో రెండునాళ్ళలోపల మరణములు నూటికి పదికి పైగా నుండగా, ఎక్కించనివారిలో ఏడుకు కొంచెము పైగా మాత్రమే యుండెను. కృత్రిమశ్వాస విషయమునను అంతే: యంత్రముతో నిండుగా గాలి నింపుట మేలనుకొనిన వైద్యులు, తక్కువ గాలిని మెల్లగా పంపినచో ఎక్కువమంది బ్రతుకుదురని 2000వ సంవత్సరమున 861 మంది రోగుల పరీక్షవలన నేర్చుకొనిరి. జీవిని చంపుటకు శతాబ్దములుగా క్వినైనే దిక్కైయుండగా, చీనాదేశపు పాత వైద్యగ్రంథములనుండి తు యూయూ అను శాస్త్రజ్ఞురాలు వెలికితీసిన ఆర్టిమిసినిన్ వంశపు ఆర్టిసునేట్, 2005లో ఆసియా దేశములందు జరిగిన పరీక్షలో మరణములను నూటికి 22 నుండి 15కు తగ్గించినది.

మన్యమున ఈ కథ ఇంకను ముగియలేదు. 1953లో దేశమందంతటను డి.డి.టి. చల్లుట మొదలిడినపుడు, ఏటేట సుమారు ఏడున్నర కోట్లమంది జ్వరపడుచు 8 లక్షలమంది మరణించుచుండిరని అంచనా. 1965 నాటికి రోగుల లెక్క లక్షకు దిగినది. వ్యాధి పోయినదని సంతోషించి పట్టు సడలించిన పదునొకండేండ్లకు, 1976లో, 64 లక్షలకు ఎగబ్రాకినది. అటుపిమ్మట మరల తగ్గినను, పాడేరు చింతపల్లి కొండలను అది పూర్తిగా విడువలేదు. వానకాలము వచ్చినదనిన ఆశాకార్యకర్తలు గడపగడపకు పోయి వ్రేలుగుచ్చి నెత్తుటిచుక్క తీసికొనుచునే యున్నారు. వాగు పొంగి బాట తెగిన గూడెమునుండి రోగిని డోలీకట్టి మోసికొనివచ్చుట నేటికిని వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. డోలీ కొండ దిగుటకు పట్టిన ఒక్కొక్క గడియయు ఆ కట్టకు ఊటను పెంచు గడియ యని ఎరిగినపుడు, మన్యమునకు బాట వేయుటయు వైద్యమే యని నాకు గట్టిగా తోచును.

డోలీ దిగి ఆసుపత్రి మంచమున పరుండిన రోగికి సూది పడినది, మూడవనాటికి ఒళ్ళు చల్లబడినది, గంజి అడిగినాడు, తల్లి ముఖమున కళ వచ్చినది. వైద్యుడు మాత్రము వ్రేలికి చిన్న యంత్రము తగిలించి ఆమ్లజని నూటికి 92కు దిగకుండ చూచుచు, చేతిగడియారము ముందుంచుకొని, పక్కబట్ట తొలగించి, ఆ రొమ్ము నిమిషమునకు ఎన్నిమారులు లేచుచున్నదో లెక్కపెట్టుచున్నాడు. ఇరువదియారు. ఇరువదియెనిమిది. ముప్పది దాటినచో నర్సును పిలువవలెను. సెలైను చుక్కలను ఇప్పటికే మెల్లచేసియుంచినాడు.